సున్నా కింద మూడు

ఇండోనేషియాలోని సురబాయాలో, గాజు తొట్లలో పెంచుకునే ఉప్పునీటి చేపలమ్మే సందు ఒకటుంది. అక్కడ మనిషికి మనిషి ఎదురైతే ఒంట్లో ఎలా ఉందని అడగరు. "ఫాస్ఫేట్ ఎంత?" అంటారు. "నోల్" అని జవాబు. నోల్ అంటే సున్నా. నీళ్లలో ఫాస్ఫేట్ పెరిగితే నాచు పడుతుంది, నాచు పడితే పగడం పోతుంది, కాబట్టి సున్నా చెప్పినవాడు ఆ సందులో మొనగాడు. ఎప్పుడడిగినా తడుముకోకుండా సున్నా చెప్పే మనిషి ఒక్కడే, సుబ్కీ. అందరూ అతన్ని చాక్ సుబ్కీ అంటారు. చాక్ అంటే ఆ ఊళ్లో అన్న.

ఆ రోజు పొద్దున మార్యాతి కాఫీ కొట్టు వైపు నడుస్తూ మాత్రం సుబ్కీ రెండుసార్లు వెనక్కి తిరిగాడు.

కొట్టు బల్ల మీద ఇరవై లీటర్ల గాజు తొట్టి పెట్టి మూడు నెలలు కావస్తోంది. తొట్టి మార్యాతిది, పోషణ సుబ్కీది. అందులో రెండు చేపలు, బొటనవేలంత పగడపు కొమ్మ. పైన ఒక పలక. పలక మీద సుద్దతో పెద్ద సున్నా. ఇరవై ఆరేళ్లు సముద్రంలో మునిగి పగడాల మడులు కాసిన మనిషి సుబ్కీ. చెవులు పాడై ఒడ్డున పడ్డాడు. ఆఖరి రోజు మడి యజమాని చేతిలో పెట్టి పంపిన కొమ్మ అది. ఇప్పుడు అతనికి మిగిలిన సముద్రం ఆ ఇరవై లీటర్లే.

మూడు వారాల కిందట ఆ కొమ్మ సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ఎదురు చేపల దుకాణం కో లియోంగ్ వచ్చి కళ్లజోడు సర్దుకుని చూశాడు. అక్కడి చైనా వాళ్లలో అన్నని కో అంటారు. "కొత్త తొట్టి, పైగా చిన్నది. నీళ్లు మరీ శుభ్రమైపోయాయి. పగడానికీ చిటికెడు ఫాస్ఫేట్ కావాలి, ఇది ఆకలితో చస్తోంది చాక్. ఆ సంచీ తీసెయ్, చేపలకి కాస్త మేత పెంచు, అందులోంచే దీనికీ అందుతుంది" అన్నాడు. సంచీ అంటే ఫాస్ఫేటును పీల్చే తుప్పురంగు గుళికల మూట, పాత మేజోడులో కట్టి నీళ్లలో వేలాడదీసింది.

"ఆ గుళికలు అమ్మింది నువ్వే కదా?"

"ఒక చెంచా వేయమని అమ్మాను. నువ్వు పావుకిలో వేశావు."

"నా సున్నా జోలికి రాకు కో" అన్నాడు సుబ్కీ.

అప్పుడు మార్యాతి గడువు పెట్టింది. మూడు వారాలు. కొమ్మ తేరుకోకపోతే తొట్టి కో లియోంగ్ దుకాణానికి పోతుంది. ఆ గడువు ఇవాళ్టితో సరి.

కొట్టు దగ్గర కో లియోంగ్ ముందే వచ్చి కూర్చున్నాడు. సముద్రపు నీళ్లు డబ్బాల్లో తెచ్చి అమ్మే రోఫిక్ అరటి బజ్జీ తింటున్నాడు. సుబ్కీ వాళ్ల మొహాలు చూడకుండా తిన్నగా తొట్టి ముందుకు వెళ్లి వంగాడు. నాలుగు రోజులుగా అతనటు రాలేదు. చచ్చిన కొమ్మను చూడడానికి ధైర్యం చాలలేదు.

కొమ్మ మళ్లీ గోధుమరంగులో ఉంది. చివర్లు పచ్చగా. ఒళ్లంతా చిన్న చిన్న నోళ్లు తెరుచుకుని నీళ్లలో ఊగుతున్నాయి.

ఎలా జరిగిందో సుబ్కీకి తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటు మాత్రం అతనికి పుట్టుకతో లేదు. నడుం నిటారు చేశాడు.

"కూర్చోండి" అన్నాడు. అందరూ కూర్చునే ఉన్నారు.

"ఏం చేశావు చాక్?" అన్నాడు రోఫిక్.

"ఏముంది, చిన్న పని. సున్నా వదలమన్నారు కదా నన్ను, ఆకలన్నారు కదా దానికి, నేను ఇంకో గుప్పెడు గుళికలు వేశాను. అవును కో, అలా చూడకు, ఇంకో గుప్పెడు! మర్నాటికి ఫాస్ఫేట్ సున్నా. అక్కడితో ఆగితే నేను సుబ్కీని ఎందుకవుతాను? ఇంకో గుప్పెడు వేశాను. ఆ మర్నాడు సున్నా కింద ఒకటి."

"సున్నా కింద ఉంటుందా?"

"నీ ఇంటికి పైన కప్పుంది, కింద నేల లేదా? పైన ఉన్నప్పుడు కింద ఉండదా? సముద్రం నీళ్లమ్ముకుంటావు, సముద్రానికి అడుగుంటుందని తెలియదు నీకు. సరే, అలా వేసుకుంటూ పోతే సున్నా కింద మూడుకొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆకలేసింది. పగడానికి కాదు, నీళ్లకి! తమలో ఫాస్ఫేట్ లేదు కాబట్టి చుట్టుపక్కల నుంచి లాక్కోవడం మొదలుపెట్టాయి. ముందు ఎదురు దుకాణం మీద పడ్డాయి. కో, మొన్న నీ నలభై తొట్ల అద్దాల మీద నాచు లేకుండా పోయింది, నిజమా కాదా?"

"రెండు రోజులు కూర్చుని గీకాను. ఇంకా భుజం నొప్పి."

"గీకాననుకున్నావు. చెయ్యి నీది, బలం నా నీళ్లది. అక్కడితో అయిందా? సబ్బులోనూ ఫాస్ఫేటే కదా, మార్యాతి గిన్నెలు తోముతుంటే నురగ రాలేదు, అడగండి."

మార్యాతి గ్లాసులు కడుగుతూ, "సబ్బు అయిపోయింది చాక్" అంది.

"ఎవరు అవగొట్టారు? అదీ నేనడిగేది! అక్కణ్ణించి నీళ్లు కాలువ పట్టాయి, కాలువ పోయి కాలిమాస్ నదిలో కలిసింది, నదిలో నాచు పోయింది, మురికి పోయింది, పొద్దున నేను వంతెన మీద నిలబడి చూస్తే అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టుకోవచ్చు. రోఫిక్, మీ నాన్న పడేసుకున్న సైకిలు కూడా కనిపించింది."

"మా నాన్నకి సైకిలే లేదు."

"ఉంటే కనిపించేది! అంత తేటగా ఉన్నాయి నీళ్లు. ఇక అసలు సంగతి విను. ఎముకల్లో ఉండేదేమిటి? ఫాస్ఫేట్. పళ్లలో? అదే. మన ఊరి సొరచేప, మొసలి ఉన్నాయి కదా, కూడలిలో బొమ్మలు కాదు, అసలువి, సుర అంటే సొర, బాయా అంటే మొసలి అని ఊరికి పేరు తెచ్చినవి. అవి రెండూ నది మూతి దగ్గర కొట్లాడుకుంటూ నోళ్లు తెరిచాయి. పళ్లు జలజలా రాలిపోయాయి. తెల్లారేసరికి రెండూ ఈ సందు చివర నిలబడి ఉన్నాయి. 'చాక్, తాతల నాటి నుంచి కొట్లాడుకుంటున్నాం, ఇప్పుడు చిగుళ్లతో కరుచుకుంటే చక్కిలిగింత పుడుతోంది, ఊళ్లో పరువు పోతోంది' అని మొసలి ఏడ్చింది."

"మొసలి కన్నీరే కదా" అన్నాడు కో లియోంగ్.

"నమ్మవా? నా పన్ను చూడు." సుబ్కీ పెదవి ఎత్తి ముందు పళ్ల మధ్య సందు చూపించాడు. "కాపలా కాస్తూ తొట్టి పక్కనే కూర్చున్నందుకు నాదీ లాగేసింది."

"అది బక్రీదుకి మేక ఎముక కొరికితే ఊడింది" అన్నాడు రోఫిక్. "నేను పక్కనే ఉన్నాను. నా పళ్లెంలోనే పడింది."

"ఎముకకే ఊడేంత మెత్తగా ఎందుకైంది? అది అడుగు!"

రోఫిక్ నవ్వుతుంటే బజ్జీ అడ్డం పడింది. సుబ్కీ ఆగలేదు. గొంతు పెంచాడు.

"ఇంత జరిగినా నేను సంచీ తీయలేదు. అప్పుడు ఆ కొమ్మ నోరు తెరిచింది. 'చాక్, ఒక్క చిటికెడు' అంది. ఏమే, అన్నాను, ఇరవై ఆరేళ్లు నేను నీళ్ల అడుగున ఒక్క గుక్క గాలితో నీకు కాపలా కాశాను, ఏ రోజైనా నిన్ను గాలి అడిగానా? నువ్వు నన్ను ఫాస్ఫేట్ అడుగుతావా? అన్నాను. ఇంకేముంది, సిగ్గుపడింది. ఆ సిగ్గుకే ఈ రంగొచ్చింది."

"సిగ్గుకి ఎర్రబడాలి కదా?" అన్నాడు రోఫిక్.

"ఇది ఈ దేశపు పగడం. మనమెవరమైనా ఎర్రబడతామా? ఇంకాస్త నల్లబడతాం."

ఈసారి కో లియోంగ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే చొక్కా జేబులోంచి చిన్న గాజు సీసా తీశాడు. "కొలుద్దామా?"

"సున్నాని కొలవడమేమిటి? అవమానం. అయినా కానీ. కొలుచుకో!"

కో లియోంగ్ తొట్టి నీళ్లు సీసాలో పట్టి, చుక్కలు వేసి, పొడి వేసి, గిలకొట్టి, బల్ల మీద పెట్టి గడియారం చూశాడు. రంగు తేలడానికి అయిదు నిమిషాలు ఆగాలి. సుబ్కీ కళ్లు మాత్రం సీసా మీద లేవు, కొమ్మ మీద ఉన్నాయి.

నీళ్లలో లేత నీలం తేలింది. కో లియోంగ్ రంగుల అట్ట పక్కన పెట్టి చూశాడు. "సున్నా పాయింట్ సున్నా అయిదు. ఇలాంటి తొట్టికి సరిగ్గా ఇంతే ఉండాలి."

"నీ మందు పాతది."

"నిన్ననే విప్పాను."

"అయితే నీలం కాక ఏముంటుంది? సముద్రం నీలంగా ఉండదా!"

మార్యాతి చేతులు తుడుచుకుని వచ్చింది. తొట్టిలో చెయ్యి పెట్టి సంచీ పైకి తీసి, కత్తెరతో ముడి కత్తిరించి పళ్లెంలో కుమ్మరించింది. ఎర్రటి ముక్కలు టకటకా పడ్డాయి. రోఫిక్ ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపాడు.

"ఇటుక" అన్నాడు.

"మా పొయ్యి వెనక గోడది. కడిగి, ఉడకబెట్టి కట్టాను" అంది మార్యాతి. "చాక్, నీ గుళికలు పందొమ్మిది రోజులుగా ఆ రేకు డబ్బాలో ఉన్నాయి. చేపలకి పొద్దున చిటికెడు, సాయంత్రం చిటికెడు వేస్తున్నాను. నీకు చెబితే వద్దనేవాడివి. సంచీ కనిపించకపోతే గోల చేసేవాడివి. ఇంతకీ నువ్వు గుప్పెడు గుప్పెడు వేశానన్నావే, ఎందులో వేశావు?"



సుబ్కీ ఒక ఇటుక ముక్క తీసుకుని అరచేతిలో పెట్టుకున్నాడు. "బతికింది కదా" అన్నాడు మెల్లగా. అది ఎవరితో అన్నాడో తెలియలేదు.

"అయితే తొట్టి నాకు రాదన్నమాట" అన్నాడు కో లియోంగ్.

"ఎక్కడికీ పోదు" అంది మార్యాతి. "ఇక నుంచి మేత నాది, కొలత నీది. దాని గురించి మాట్లాడే పని చాక్‌ది. అది మనిద్దరి వల్లా కాదు." పలక దించి, పాత సున్నాను తడిగుడ్డతో తుడిచి, సుద్దముక్క సుబ్కీ చేతిలో పెట్టింది. "ఉన్నది ఉన్నట్టు రాయి."

సుబ్కీ పలకను ఒళ్లో పెట్టుకున్నాడు. సున్నా చుట్టాడు. చుక్క పెట్టాడు. ఇంకో సున్నా చుట్టాడు. ఎవరికీ కనబడకూడదన్నట్టు మూలన చీమంత అయిదు వేశాడు. పలక ఎత్తి అందరికీ తిప్పి చూపించాడు. గడ్డం పైకి లేచింది.

"చూశారా? ఇదివరకు ఒక్కటే ఉండేది. ఇప్పుడు రెండు సున్నాలు!"

మార్యాతి అతని ముందు కాఫీ గ్లాసు పెట్టి, చెంచా పట్టుకుని చక్కెర డబ్బా తెరిచింది.

"కాఫీలో చక్కెర ఎన్ని చెంచాలు చాక్, మూడో సున్నా ఇక్కడ పెట్టనా?"