బోర్డు మ్యాపులో మా జలపాతం

నాలుగింటికి లిస్టు అంటిస్తామన్నారు. మూడు కొట్టేసరికే మేం నలుగురం పర్యాటక బోర్డు ఆఫీసుకి ఎదురుగా ఉన్న టీకొట్టు బల్లమీద చేరిపోయాం. లాడ్జి నడిపే అక్క, ట్యాంకరు తోలే తమ్ముడు, జలపాతం దగ్గర ఫోటోలు తీసి అక్కడికక్కడే ప్రింటిచ్చే నేను, మా అందరికీ మావయ్య వరసైన గైడు. మావయ్య తప్ప ఎవరూ టీ ముట్టుకోలేదు.

మా భయం చిన్నది కాదు. బోర్డు వాళ్ళు ఏటా ఓ చెకింగు మనిషిని మామూలు ప్రయాణికుడి వేషంలో, ఎవరికీ చెప్పకుండా పంపుతారు. దారి, గది, మరుగుదొడ్డి, తాగునీళ్ళు, గైడు, చూడాల్సిన చోటు, ఇలా పది అంశాలు, ఒక్కోదానికి పది మార్కులు. అరవై రాకపోతే ఊరి పేరు బోర్డు మ్యాపులోంచి లేచిపోతుంది. మ్యాపులో లేని ఊళ్ళో టూరిస్టు బస్సు ఆగదు. మా ఊళ్ళో ఉన్నదల్లా ఓ జలపాతం. రెండేళ్ళుగా వానల్లేక అది బండ మీద తడి మరకలా తయారైంది.

అందరిలోకీ అక్క పరిస్థితి మరీ ఇరకాటం. ఆవిడ పదకొండు గదుల లాడ్జిని గోడౌనుకి కొంటానని మరిది వెంటపడుతున్నాడు. లిస్టు అంటించక ముందు ఔనంటే మంచి ధర ఇస్తాడట, అంటించాక అడిగితే తన దారి తనదట. అక్క ఫోను ఒళ్ళో పెట్టుకుని గడియారం వైపు చూస్తూ కూర్చుంది.

"ఎందుకమ్మాయ్ అంత కంగారు?" అని మావయ్య గ్లాసు కింద పెట్టాడు. "లిస్టులో మన పేరుంటుందా అని కాదు, ఎన్నో నంబర్లో ఉంటుందని అడుగు. చెకింగు మనిషిని పట్టుకున్నది ఎవరనుకున్నావ్? నేను! బస్సు మెట్టు మీద ఉండగానే పసిగట్టేశా. చేతిలో నల్ల బ్యాగు, నలగని చొక్కా. మామూలు టూరిస్టు దిగ్గానే ఏం చూస్తాడు? టీ ఎక్కడ, టాయిలెట్ ఎక్కడ. ఈయన దిగ్గానే మేడల మీద నీళ్ళ ట్యాంకుల వైపు చూశాడు. ఒక్కో ట్యాంకూ లెక్కపెట్టాడు. అదీ ఆఫీసరు చూపంటే! ఇరవై రెండేళ్ళ సర్వీసు, నా కళ్ళు కప్పుతాడా? గొడుగు విప్పి నెత్తిన పట్టా. 'రండి సార్, ఈ ఊరికి దారి నేనే' అన్నా."

"వచ్చాడా?" అన్నాడు టీకొట్టాయన.

"రాక చస్తాడా. జలపాతం దగ్గరికి తీసుకెళ్ళా. చూస్తే ఏముంది, చుక్క లేదు. బండ నవ్వుతోంది. ఆయన 'నీళ్ళేవండీ' అన్నాడు. నా గుండెల్లో రైళ్ళు పరిగెత్తాయనుకుంటున్నావా? ఊఁహూ. 'సార్, ఇది పిలిస్తే పలికే జలపాతం. ఒక్క నిమిషం ఈ గొడుగు పట్టుకోండి' అన్నా. కొండెక్కా. మామూలు వాళ్ళకి గంట పట్టే దారి, నాకు నాలుగు నిమిషాలు. పైన చూద్దును గదా, నీటి దారికి అడ్డంగా బండరాయి, ఇదిగో ఈ ఆఫీసంత! మూడు క్రేన్లు కదపలేని రాయి. భుజం ఆనించా. ఊపిరి బిగబట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"భుజం పట్టేసి ఉంటుంది," అన్నాన్నేను.

"నీకు ఫోటోలు తప్ప ఇంకేం తెలుసురా. రాయి కదిలింది! కదలడం కాదు, 'క్షమించండి' అన్నట్టు పక్కకి తప్పుకుంది. దెబ్బకి అవతలి లోయలో పోతున్న నీళ్ళన్నీ వెనక్కి తిరిగి ధడధడా ఇటొచ్చి పడ్డాయి. అబద్ధమా? నువ్వే ఫోటో తీశావు గదరా!"

తీసిన మాట నిజమే. నెల కిందట ఆ రోజు పావుగంట సేపు నీళ్ళు పడ్డాయి. ఎక్కణ్ణుంచి పడ్డాయో నాకు తెలీదు. పడుతుంటే చూసి ఏడుపొచ్చినంత పనైంది. ఆ మాట చెప్పబోతూ చూస్తే ట్యాంకరు తమ్ముడు గ్లాసు చేత్తో తిప్పుతున్నాడు, తాగడం లేదు. ఎండ లేని చోట కూర్చుని చెమటలు కక్కుతున్నాడు.

"ఆ నీళ్ళు చూసి సార్ నోట మాట రాలేదు," మావయ్య బల్ల మీద చేత్తో కొట్టాడు. "కాసేపటికి తేరుకుని నన్నేమడిగాడో తెలుసా? 'ఇంత ఎత్తుకి ఎన్ని హార్స్‌పవరండీ?' అన్నాడు. చూశావా చదువుకున్నవాడి ప్రశ్న! నేనేం తక్కువా? 'మూడు వేల గుర్రాలు సార్, అందులో రెండొందలు ఇవాళ సెలవులో ఉన్నాయి' అన్నా. గబగబా రాసుకున్నాడు."

"మావయ్యా, మూడు నలభై," అంది అక్క.

"కానీలే. మూడు రోజులు పడ్డాయమ్మాయ్ నీళ్ళు, ఏకధాటిగా. ఇంద్రధనుస్సు వచ్చింది. సారు 'ఒకటేనా' అన్నాడు, రెండోదీ రప్పించా. ఆ కబురు గుప్పుమంది. మర్నాడు హోటళ్ళ సంఘం వాళ్ళు దిగారు. వాళ్ళ వెనక ట్రావెల్ ఏజెంట్ల సమాఖ్య. వాళ్ళ వెనక గైడ్ల సంఘం, 'మీరే మా అధ్యక్షులుగా ఉండాలి' అని ఒకటే గోల. నాకు తీరికేదీ! అంతలో విమానాల కంపెనీల మండలి నుంచి ఫోను. మన జలపాతం మీదుగా పోయే విమానాల్లో జనమంతా ఒక పక్క కిటికీలకే చేరిపోతున్నారట, విమానం ఒరిగిపోతోందట. ఒకటైతే మరీ ఒరిగి రెక్క తడిసిపోయింది. నేనే తువ్వాలుతో తుడిచి పంపించా."

"ఎగురుతున్నదాన్నే?" అన్నాడు టీకొట్టాయన.

"ఎగురుతున్నదాన్నే. ఆగితే వాళ్ళకి లేటవుతుంది గదా పాపం. ఇదంతా ఒక ఎత్తు. అప్పుడు ప్రపంచ పర్యాటక మహాసంఘం కదిలింది. పన్నెండు దేశాల పెద్దలు, పన్నెండు రకాల టోపీలు. ఎక్కడ దిగారు? ఎక్కడ దిగుతారు, మన అమ్మాయి లాడ్జిలో! పదకొండు గదులు, పన్నెండు దేశాలు. ఇక చూడు కొట్లాట. ఒక దేశం అలిగి వరండాలో పడుకుంది. పొద్దున్నే లేచి 'వరండాయే బాగుంది' అంది, దాంతో మిగతా పదకొండూ వరండా కావాలని పేచీ! వాళ్ళ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, 'గైడు గారూ, మా ముఖ్య కార్యాలయం ఈ లాడ్జికి మార్చేస్తాం, నలభై ఏళ్ళకి గదులు రాసివ్వండి' అని బతిమాలాడు. 'అమ్మాయిని అడిగి చెప్తా' అన్నా. అడుగుదామనుకుంటూనే మర్చిపోయా."

అక్క నవ్వింది. ఆ నెల్లాళ్ళలో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి, అదీ సగమే.

"ఇంకా ఉంది. ఆ పెద్దాయన దేశంలో ఓ జలపాతం చలికి గడ్డకట్టిందంటే నన్ను రాత్రికి రాత్రే తీసుకెళ్ళారు. దాని ముందు కుర్చీ వేసుకుని మన ఊరి కబుర్లు చెప్పా. గంటలో కరిగి కన్నీళ్ళు పెట్టుకుంది! అప్పుడు తీర్మానం చేశారు, ప్రపంచ మ్యాపు మళ్ళీ అచ్చు వేయాలని. మన ఊరి పేరు పెద్దక్షరాల్లో వేస్తే చోటు చాలడం లేదు. పక్కనున్న చిన్న దేశాన్ని కాస్త అటు జరగమన్నారు. జరిగింది, పాపం మంచి దేశం. అట్లాంటి ఊరి పేరు ఈ బోర్డు వాళ్ళు తీసేస్తారా? ఎవడికుంది ఆ దమ్ము?"

టీకొట్టాయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. అక్క మాత్రం ముందుకి వంగింది.

"మావయ్యా, మీ కోతలు నాకు కొత్త కావు. ఆ టోపీలూ ఆ విమానాలూ వదిలేయండి. ఒక్కటే అడుగుతా, నిజం చెప్పండి. నీళ్ళు పడుతున్నప్పుడు చెకింగు మనిషి అక్కడున్నాడా?"

మావయ్య మొహంలో నవ్వు ఆగింది. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "నా గొడుగు కిందే ఉన్నాడమ్మాయ్. నీ మీద ఒట్టు."

ఆ ఒక్క మాటా ఆయన మనస్ఫూర్తిగా నమ్మి చెప్పాడు. అది నాకూ తెలిసింది, అక్కకీ తెలిసింది. ఆవిడ పెద్దగా ఊపిరి పీల్చి ఫోను తీసింది. "చాలు. మరిదికి వద్దని చెప్పేస్తా. మా ఆయన పోయాక ఆ పదకొండు గదులే నాకు తోడు. ఉల్లిపాయల బస్తాలు వేయడానికి ఇవ్వను."

ఫోను అవతల మోగడం మాకూ వినిపిస్తోంది. అప్పుడు లేచాడు ట్యాంకరు తమ్ముడు. గ్లాసు బోర్లాపడి టీ అంతా ఒలికింది.

"అక్కా, ఆగు. పెట్టెయ్. నీ కాళ్ళు పట్టుకుంటా, ఒక్క నిమిషం పెట్టెయ్."

"ఒరేయ్, నోర్ముయ్," అన్నాడు మావయ్య గబుక్కున.

"మూసుకునే కదా నెల్లాళ్ళు చచ్చాను మావయ్యా! అక్కా, ఆ నీళ్ళు నావి. పన్నెండు వేల లీటర్లు, నా ట్యాంకరువి. మావయ్య కింద నుంచి ఈల వేస్తే నేను పైన వాల్వు తిప్పేట్టు మాట్లాడుకున్నాం. మావయ్య కొండ ఎక్కలేదు, ఎక్కలేడు కూడా, మోకాళ్ళ నొప్పులు."

అక్క ఫోను కట్ చేసింది. "సరే. ట్యాంకరు నీళ్ళే అనుకో. చూసినవాడికి తెలీదు కదా?"

"అదే అక్కా చెప్పేది. నల్ల బ్యాగాయన చెకింగు మనిషి కాదు."

"ఓహ్, ఆ నల్ల బ్యాగాయనా?" అన్నాడు టీకొట్టాయన. "మోటారు పంపులు అమ్ముతాడు. నిన్న కూడా ఇక్కడే టీ తాగాడు. కొండ మీద మూడు వేల హార్స్‌పవర్ పంపు బిగించారట, ఏ కంపెనీయో కనుక్కోవాలని తిరుగుతున్నాడు."

ఎవరం నవ్వలేదు.

"మరి చెకింగుకి ఎవరొచ్చారు?" అంది అక్క.

"ఒకావిడ," అన్నాడు తమ్ముడు. "కొండ కింద చెయ్యెత్తి ఆపింది. 'పైకి బస్సు లేదట, ఎక్కించుకుంటావా బాబూ' అంది. ఎక్కించుకున్నా. నోరు ఊరుకుంటుందా? అంతా చెప్పేశా. 'ఎవడో చెకింగుకి వస్తున్నాడు మేడమ్, వాడి కళ్ళకి గంతలు కట్టే ప్లాను మాదే' అని గొప్పగా చెప్పా. పైన గొట్టం బరువుగా ఉంటే ఓ కొస ఆవిడే పట్టుకుంది అక్కా! నీళ్ళన్నీ అయిపోయాక చేతులు తుడుచుకుని బ్యాగులోంచి కార్డు తీసి చూపించింది. బోర్డు కార్డు. నా పై ప్రాణాలు పైనే పోయాయి."

"తిట్టిందా?"

"తిట్టినా బాగుండేది. ఏమీ అనలేదు. కింద మావయ్య నల్ల బ్యాగాయనకి చెప్తున్నదంతా పైకి వినిపిస్తోంది. నీళ్ళు ఆగిపోయాక కూడా మావయ్య ఆగలేదు కదా. ఆవిడ బండ మీద కూర్చుని అరగంట విన్నది. 'ఈయన రోజూ ఇంతేనా' అంది. 'పుట్టినప్పట్నుంచీ ఇంతే మేడమ్' అన్నా. అప్పుడు పుస్తకం తీసింది. ఏం రాసిందో చూసే ధైర్యం నాకు లేకపోయింది."

మూడు యాభై మూడు. అక్క మళ్ళీ ఫోను కలిపింది. ఈసారి మేం ఎవరం ఆపలేదు. "మరిదీ, సరే. తీసుకో. రేపు వచ్చి తాళాలు పట్టుకుపో," అంది. ఆ పాటి మాటకే ఆవిడకి ఆయాసం వచ్చింది. తమ్ముడు మొహం తిప్పుకున్నాడు.

నాలుగింటికి ఆఫీసు తలుపు తెరుచుకుంది. బంట్రోతు జిగురు డబ్బాతో వచ్చి గోడ మీద కాగితాలు అంటించి లోపలికి పోయాడు. ఊరికో కాగితం, కింద మార్కులు, రిమార్కు. మావయ్య లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"మీరెళ్ళి చూడండిరా," అన్నాడు. "నాకు భయంగా ఉంది."

ఆయన నోట అంత పొట్టి మాట నేనెప్పుడూ వినలేదు. అక్కా నేనూ రోడ్డు దాటాం. మా ఊరి కాగితం చివరి వరసలో ఉంది. మొత్తం యాభై ఎనిమిది. పేరు మీద ఎర్ర గీత. అక్క వేలితో వరసలు చూసుకుంటూ పోయింది. గదులు తొమ్మిది, ఆవిడ గదులే. చూడాల్సిన చోటు సున్నా. గైడు దగ్గర వేలు ఆగిపోయింది. కింద రిమార్కు నేను ఫోటో తీసుకొచ్చి బల్ల దగ్గర చదివి వినిపించాను.

"గైడు వర్ణించిన జలపాతం అన్ని విధాలా చూడదగినదిగా ఉన్నది. అది ఏ ఊరిలో ఉన్నదో గైడు బోర్డుకు తెలియజేసినచో, ఆ ఊరిని మ్యాపులో చేర్చుటకు పరిశీలించబడును."

మావయ్య తల వంచుకుని విన్నాడు. ఎవరి వైపూ చూడకుండా, "నాకెన్ని వేసింది?" అన్నాడు.

"పదికి పదీ వేసింది మావయ్యా," అంది అక్క. "ఇంకో రెండు నీళ్ళకి పడుంటే అరవై అయ్యేది, నా లాడ్జి నాకుండేది."