నిలబడని బోల్టు

ఇడపనూరు దారిలో పత్తి మిల్లు, దాని గేటు పక్కన కాపలా గది. కాపలాదారు మహదేవప్ప పొద్దున్నే రాయచూరు నుంచి తుపాకుల మిస్త్రీ సూగురేశ్‌ను పిలిపించుకున్నాడు. పిలిపించినప్పటి నుంచి మనిషికి కాలు నిలవడం లేదు, నోటి నుంచి అసలు సంగతీ రావడం లేదు.

"ముందుగాల తూటాలు తియ్యి మహదేవప్పన్నా. మాటలు తర్వాత."

"తీసిన మిస్త్రీ. అగో, స్టీలు డబ్బల ఉన్నయి ఐదూ."

"గొట్టంల?"

"ఖాలీ. నువ్వే చూడు."

"చూసిన. ఇప్పుడు ఖాలీ మ్యాగజైన్ పెట్టి, బోల్టు ఎనక్కి గుంజి ఇడువు."

"గుంజిన... ఇడ్సిన."

"టప్పుమని ముందుకొచ్చేసింది."

"అదే గదా నా రోగం! నిలబడ్తలేదు. మా నాయన కాలం నుంచి గుంజితె ఎనకనే నిలబడేది, బర్రె నోరు తెరిచినట్టు. మూడు నెల్ల నుంచి గిట్ల చేస్తుంది."

"కాల్చేటప్పుడు ఇబ్బందైందా?"

"కాల్చుడా? ఎవర్ని?"

"ఎవర్నీ కాదు. పందినో, గాలిలనో. ఆఖరి తూటా పేలినంక బోల్టు ఎనక నిలబడితె, తుపాకి ఖాలీ అయిందని నీకెరుకైతది. దానికోసమే పెట్టిన్రు అది."

"నేను కాల్చక పదకొండేండ్లాయె."

"మరి నిలబడకుంటె నీకేం నష్టం?"

"నష్టమా... ఏం నష్టమంటే... ఇన్‌స్పెక్షన్ ఉంది."

"ఎప్పుడు?"

"ఈ పొద్దే. పదకొండు గంటలకు."

"లైసెన్సు తుపాకులన్నీ పోయిన నెలనే చూసిరి గదా. నేను ఆడనే ఉన్న. పోలీసు సాహెబు నీ తుపాకి నంబరు చూసి సంతకం పెట్టిండు. బోల్టు ముట్టను కూడ ముట్టలే."

"ఇది అది కాదు. సేటు ఇన్‌స్పెక్షన్."

"సేటు బళ్ళారి పోయిండని గేటు కాడ హమాలి చెప్పె."

"నువ్వు తుపాకి చూడనీకి వచ్చినవా, నన్ను చూడనీకి వచ్చినవా? జల్దీ ఇప్పు!"

"ఇప్పుతున్న, ఇప్పుతున్న... అబ్బబ్బా! ఏందన్నా లోపల గిది? అంతా దూది!"

"పత్తి మిల్లుల దూది గాక జొన్నలుంటయా?"

"దూది మీద నూనె, నూనె మీద కుంకుమ. ఏం నూనె పోసినవ్?"

"కొబ్బరినూనె. ఆయుధపూజకు."

"నీ పుణ్యముంటది, తుపాకికి కొబ్బరినూనె పోస్తరా? చలికాలం గడ్డకట్టి మైనమై కూసుంది. ఆగాగు... ఇదేంది, మల్లె రేకు?"

"దసరాది."

"దసరా పోయి ఎన్ని నెల్లాయె? ఇది ఇంకా పచ్చిగుంది, వాసనొస్తుంది. ఇగో, పసుపు పూసిన బియ్యం. అక్షింతలు! నిజం చెప్పన్నా, తుపాకికి పెండ్లి చేసినవా?"

"మెల్లగ మాట్లాడు. హమాలోళ్ళు వింటరు."

"మరి చెప్పు."

"నవ్వొద్దు."

"నవ్వ."

"దాన్ని ప్రశ్నలడుగుతరు."

"దేన్ని?"

"తుపాకిని."

"ఖ్ఖు... ఖ్ఖు..."

"నవ్వనంటివి!"

"నవ్వలే, దగ్గొచ్చింది. ఏమని అడుగుతరు?"

"గుళ్ళె దేవుని తాన పువ్వడుగుతరు గదా, కుడి దిక్కు పడితె ఔను, ఎడమ దిక్కు పడితె కాదు. ఇదీ అట్లనే. వచ్చినోళ్ళు కండ్లు మూసుకొని మనసుల అనుకుంటరు. నేను బోల్టు గుంజి ఇడుస్త. నిలబడితె ఔను. ముందుకొస్తె కాదు."

"ఎవడు మొదలుపెట్టిండు ఈ పని?"

"హమాలి సిద్దు. వాని మేక తప్పిపోయిండె. తమాషకు అడిగిండు, మేక దొరుకుతదా అని. నిలబడె. మాపటికి మేక తనంతల తనే ఇంటికొచ్చె. ఇంగ సూడు, జాతరే! బోరు పడ్తదా అంటె నిలబడె, మూడొందల ఇరవై అడుగులకు నీళ్ళు పడె. బస్సు కండక్టరు ఒకడు బదిలీ అడిగిండు, నిలబడె. దేవదుర్గ నుంచి కూడ వచ్చిన్రు మిస్త్రీ, జీపు కట్టుకొని!"

"అన్నా, ఒక్క మాట. మ్యాగజైన్ ఖాలీగుంటె బాగున్న తుపాకి ఎన్నిసార్లు గుంజినా నిలబడ్తది. దాని తయారే అంత. అంటే నీ దేవుడు ఇన్నాళ్ళు అడిగినోళ్ళందరికీ ఔననే చెప్పిండా?"

"చెప్పిండు. ఉత్తగనే వచ్చిందా అంత పేరు?"

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు అందరికీ కాదే! ఊర్లు ఆగిపోయినయి మిస్త్రీ. సిద్దు బండి కొనుడు బంద్ పెట్టె. రైతు అంబరీశ్ బోరు పాయింటు కాడ కొబ్బరికాయ పెట్టి మూడు నెల్లాయె, బోరు వెయ్యలే, కాయకు మొలకొచ్చింది. యాపలదిన్నిల ఒక పాపకు పేరు పెట్టలే. ఐదు పేర్లు అడిగిరి, ఐదూ కాదనె. 'ఏ పిల్లా' అనే పిలుస్తున్నరు దాన్ని."

"సరే. వాళ్ళ బాధ వాళ్ళది. ఈ పొద్దు పదకొండు గంటలకు ఎవరొస్తున్నరు?"

"ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరికోసం నువ్వు గడ్డం గీసుకున్నవా?"

"సోమవారమని సుమ్నే, ఉత్తగనే గీసుకున్న."

"మీసానికి రంగు కూడ సుమ్నేనా? చెవి మీదికంటింది, తుడుసుకో."

"యాడ? ఈడనా?"

"ఆ చెవి కాదు, ఈ చెవి. ఎవరన్నా ఆమె?"

"...మంజమ్మ."

"రొట్టెలు తెచ్చే మంజమ్మనా?"

"మెల్లగ అంటున్న గదా! ఆమెనే. మా ఇంటామె పోయి ఆరేండ్లాయె మిస్త్రీ. ఇంట్ల మాటకు మాట చెప్పేటోళ్ళు లేరు. ఒక్కన్నే పొయ్యి ముట్టిస్త, ఒక్కన్నే తింట, తిన్న పళ్ళెం కూడ పలకదు. మంజమ్మ వచ్చి గేటు కాడ బుట్ట దించితెనే నాకు తెల్లారినట్టుంటది. మూడు వారాల కింద ధైర్యం చేసి అడిగిన. ఇద్దరం ఒకరికొకరం ఉందామా అని."

"ఏమనె?"

"'నాకు మనుషుల మాట మీద నమ్మకం లేదు, తుపాకినే అడుగుదాం, మూడు సోమవారాలు' అనె."

"అడిగినవా?"

"రెండు సోమవారాలైనయి. రెండుసార్లూ టప్పుమని ముందుకొచ్చె. నా ఇజ్జత్ పాయె."

"ఆమె ఏమనె?"

"తల వంచుకొని పోయింది. పాపమని జాలి పడ్డట్టుంది, ఆ రెండు దినాలూ రొట్టెల మీద పల్లీల శేంగ పొడి ఎక్కువ పెట్టింది, కాసింత నెయ్యి కూడ. ఈ పొద్దు మూడోది, ఆఖరిది. నా బతుకు నీ చేతుల ఉంది మిస్త్రీ. ఏమన్న చెయ్యి, దీన్ని నిలబెట్టు."

"ఏడ్వకు, రంగు కారుతది. కిరసనాయిల్ గిట్ల ఇయ్యి. బ్రష్షు నా సంచిల ఉంది... ఇగో, కొక్కెం శుభ్రమైంది. గుంజు."

"గుంజిన."

"మళ్ళా టప్పుమనె."

"దేవుడు ఒప్పుకుంటలేడు!"

"దేవుణ్ణి పక్కకు పెట్టు. మ్యాగజైన్ గిట్ల తే. చూడు, తూటాలయిపోంగనే లోపలి రేకు పైకి లేవాలె, లేచి ఈ కొక్కేన్ని ఎత్తాలె, కొక్కెం బోల్టును పట్టుకోవాలె. నీ రేకు సగం దాక లేచి పండుకుంటుంది. కింద స్ప్రింగుకు సత్తువ లేదు. ముసలిదైంది."

"ఆ మాట మంజమ్మ ముందట అనకు."

"స్ప్రింగునన్న అన్నా! నా సంచిల కొత్తదుంది... పట్టిందా? పట్టింది. గుంజు."

"గుంజిన... మిస్త్రీ! నిలబడె!"

"మళ్ళా గుంజు."

"నిలబడె! మళ్ళా నిలబడె! చూడు, చూడు, ఎట్ల నిలబడ్డదో చూడు! నీ కడుపు సల్లగుండ!"

"పాత స్ప్రింగు కావాల్నా నీకు?"

"దాని మొహం చూడను. మూడు నెల్లు నా పానం తీసింది. గిట్ల ఇయ్యి... అగో, పాయె! కిటికీల నుంచి పత్తి కుప్పల పడె. పీడ ఇరగడైంది."

"మహదేవప్పా! గేటు తియ్యి, బుట్ట బరువుంది."

"వచ్చె! మిస్త్రీ, వచ్చె! నా చెవి బాగుందా? రా మంజమ్మా, రా. ఈయన మన సూగురేశ్ మిస్త్రీ, రాయచూరు నుంచి ఉత్తగనే మాట్లాడిపోదామని వచ్చిండు."

"ఉత్తగ వచ్చినాయన చేతులకు అంత మసేంది? కూసో అన్నా, రొట్టె తిను."

"తింట అక్కా. ముందు మీ పని కానియ్యి."

"నీకు కూడ చెప్పిండా? ఊరంత చాటింపేస్తడు ఈ మనిషి."

"అది కాదు మంజమ్మా, టైమైంది గదా. మూడో సోమవారం. అనుకో. కండ్లు మూసుకొని మంచిగ అనుకో."

"అనుకున్న. గుంజు."

"గుంజుతున్న... ఇడ్సిన... ఔను! ఔనన్నడు! నిలబడ్డది చూడు మంజమ్మా, కండ్లు తెరువు! రెండుసార్లు కాదన్న దేవుడు మూడోసారి ఔనన్నడు! మిస్త్రీ, నువ్వే సాక్షి! ...ఏంది మంజమ్మా, బుట్ట ఎత్తుకుంటున్నవ్? యాడికి?"

"మిల్లు లోపలికి. హమాలోళ్ళకు రొట్టెలియ్యాలె."

"మరి మన సంగతి?"

"అయిపాయె గదా."

"అయిపాయె అంటే? ఔననె గదా!"

"నేనేం మొక్కుకున్ననో నువ్వెప్పుడన్న అడిగినవా?"

"అడుగుడెందుకు? నిలబడితె ఔను, ముందుకొస్తె కాదు. ఊరందరికీ అదే లెక్క."

"అది మీ మగోళ్ళు పెట్టిన లెక్క. నా మనసుల లెక్క నాది. నా మొగడు గోవకు పనికి పోయిండె, ఎరుకనే గదా నీకు. రెండు నెల్లల్ల వస్తనని పోయె. పోయి ఆడనే నిలబడె, ఇంకో సంసారం పెట్టె, ఆడనే సచ్చి మన్నాయె. ఎనిమిదేండ్లు గడప చూసుకుంట కూసున్న నేను. పోయినకాడ నిలబడుడు నాకెట్ల మంచిదైతది చెప్పు? అందుకే ఒక్కటే మొక్కుకున్న. ఎనక్కి పోయింది ఆడనే నిలబడితె నాకీ మనిషి వద్దు. తిరిగి ముందుకొస్తె, ఔను, ఇంటికి తిరిగొచ్చే మనిషే అనుకుంట."

"అంటే... ఆ రెండుసార్లు..."

"రెండుసార్లూ టప్పుమని తిరిగొచ్చె. నా పానం లేచొచ్చె."

"మరి శేంగ పొడి? జాలి కాదా?"

"జాలి పడితె ఉల్లిగడ్డ పెడ్తరు. నెయ్యి పెడ్తరా?"

"అక్కా, నా మాటిను. రెండు ఔను, ఒకటి కాదు. లెక్కన ఔనే గెలిచింది."

"దేవుని తాన ఎలక్షనా అన్నా?"

"దేవుడు కాదక్కా, అది ఉత్త స్ప్రింగు! పాతది చెడిపోయిండె, ఇప్పుడే కొత్తదేసిన."

"ఎవరు వెయ్యమన్నరు?"

"...మహదేవప్పన్ననే."

"చూడు. తిరిగొచ్చేదాన్ని రాయచూరు నుంచి మిస్త్రీని పిలిపించి మరీ నిలబెట్టిండు. ఇంగ నేనేమనుకోవాలె?"

"మంజమ్మా, నీ కాల్మొక్కుత! నేను యాడికీ పోను. ఈ గేటు దాటి పోయింది లేదు పదకొండేండ్ల నుంచి, సేటునడుగు కావాలంటె! ఇంకొక్క సోమవారం. ఒక్కటి!"

"మొక్కిన మాట మళ్ళా మళ్ళా అడగొద్దు... సరే. వచ్చే సోమవారం, అదే ఆఖరిది. అప్పుడు కూడ పోయి నిలబడితె, రొట్టెలు కూడ వేరే తాన చూసుకో. నీ రెండు రొట్టెలు ఈడ పెట్టిన. ఈ పొద్దు శేంగ పొడి లేదు."

"మంజమ్మా... పాయె. మిస్త్రీ! రొట్టె తర్వాత తిందువు, లే! ఆ ముసలి స్ప్రింగు పత్తి కుప్పల ఏ దిక్కుకు పడ్డదో చూసినవా?"