రైలు కింద నుంచి వెళ్ళిన కారు

"ఒంట్లో ఓపిక లేదండీ. అయినా అడిగారు కాబట్టి చెబుతాను," అంటూ బెంజమిన్ భీమడోలు రైల్వే గేటు పక్క టీ కొట్టు బల్ల మీద కూలబడ్డాడు. "కారు కొన్నదే మా హన్నమ్మ కోసం. ఏళ్ళ తరబడి నా స్కూటరు వెనకాల ఎండలో తిరిగింది, ఇక మహారాణిలా పక్కన కూర్చోవాలని. మరి మహారాణి కారు అందరి కారులా ఉంటే ఏం బాగుంటుంది? ఏలూరు తీసుకెళ్ళాను. మెకానిక్ జీవన్ 'స్ప్రింగులు అంగుళం దించమంటారా, రెండా?' అన్నాడు. 'చీమ కూడా తల వంచుకుని దూరాలయ్యా' అన్నాను. చక్రాలు పెద్దవి వేయించాను, టైర్లు అప్పడాలంత పల్చన."

"పెద్ద చక్రాలేస్తే కారు పైకి లేవదాండీ?" టీ వడగడుతూ విజయ్ కుమార్ అడిగాడు.

"అదేనండీ కిటుకు! చక్రం పైకి, కారు కిందకి. వస్తుంటే ఈ గేటు పడింది. అందరూ ఆగారు, నేను గేటు కింద నుంచి దూరిపోయాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పట్టాల మధ్యకొచ్చేసరికి గూడ్సు! ఏం చేస్తాను, బ్రేకేసి కూర్చున్నాను. పెట్టెలన్నీ మా నెత్తి మీద నుంచే వెళ్ళాయి. పక్కన హన్నమ్మ కునుకు తీస్తోంది, లేవనే లేదు."

"గీత కూడా పడలేదా?"

"దుమ్ము పోయిందండీ, కడిగే పని తప్పింది. అక్కడి నుంచి కొల్లేరు. గట్టు మీద చేపల లారీ ఎదురొస్తే దారివ్వాలి కదా, నీళ్ళలోకి దించేశాను. అంత పల్చటి కారు మునుగుతుందా, తేలింది! చక్రాలు నీళ్ళు తోడుతుంటే దోనెలు తప్పుకున్నాయి, గూడబాతులు టాపు మీద గుడ్లు పెట్టాయి. అధికారులొచ్చి 'చేపల చెరువు కోసం కొల్లేట్లో కొత్త గట్టు ఎవరు వేశారు?' అని టేపు పెట్టి కారుని కొలిచారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చిందండీ నాకు. హన్నమ్మ మాత్రం కిటికీలోంచి చెయ్యి పెట్టి పులుసుకి కొర్రమీనులు పట్టేసింది."

మూలన కూర్చున్న యోసేపు, హన్నమ్మ తమ్ముడు, గ్లాసు కింద పెట్టాడు. "అంతా నిజమే బావగారూ. కానీ అక్కకి మోకాళ్ళు వంగవు. చాప మీద కూర్చుంటే లేవలేక చర్చిలో కుర్చీ వేయించుకుంటోంది. అంత కిందకున్న కారెలా ఎక్కిందండీ? నిన్న ఆదివారం తను చర్చికి ఆటోలో వచ్చింది. వెనకాలే మీరు ఖాళీ కారు తోలుకుంటూ వచ్చారు."

బెంజమిన్ ముఖం తుడుచుకున్నాడు.

"పాత స్ప్రింగులు మళ్ళీ వేయించేయరాదా అండీ?" అన్నాడు విజయ్ కుమార్ మెల్లగా.

"అందుకేనండీ పొద్దున్నే ఏలూరు బయల్దేరాను. ఆ మలుపులో స్పీడు బ్రేకరు మీద కారు కూర్చుండిపోయింది. కదలడం లేదు. నలుగురూ వచ్చి ఓ చెయ్యి వేస్తారనే ఇంతసేపూ చెప్పాను."