తాళం వేసిన టేపులు

ట్యునీషియా తీరపట్నం స్ఫాక్స్‌లోని చిన్న రేడియో స్టేషన్‌లో జాలర్ల వలల పాటలు దాచిన కంప్యూటర్ డిస్కు కాలిపోయింది. ఇక ముసలి మొంజీ రోజూ పెట్టిన బ్యాకప్ టేపులే దిక్కు. ఇంజనీరమ్మాయి వాటిని డ్రైవులో పెట్టి చూస్తోంది.

"అన్నీ ఖాళీ, బాబాయ్."

"ఎలా ఉంటాయమ్మా? రెండేళ్లలో ఒక్కరోజు మానలేదు."

"టేపు అంచున ఈ చిన్న తాళం మీట ఎవరు జరిపారు?"

"నేనే. జరిపితే టేపు భద్రమని, డ్రైవు బిగించిన రోజు నువ్వే చెప్పావుగా. జరిపాకే లోపల పెట్టేవాణ్ణి."

"ఎక్కించాక జరపాలి బాబాయ్. ముందే జరిపితే ఏమీ ఎక్కదు. తెర మీద హెచ్చరికేమీ రాలేదా?"

"ఎర్ర అక్షరాలేవో వచ్చేవి. కీబోర్డు మీద ఏదో ఒకటి నొక్కితే పోయేవి."

ఆమె టేపును బయటికి తీసి అతని చేతికిచ్చింది.

"పోనీ, ఆ వలల పాటలు పాడినవాళ్లనే మళ్లీ పిలిపిద్దాం."

మొంజీ టేపు మీద తన చేత్తో రాసిన తేదీని బొటనవేలితో తుడిచాడు.

"వాళ్లలో ఆఖరున పోయింది మా ఆవిడే, తల్లీ."