నల్లా కోసం ఆడిన చెడుగుడు

— అవ్వా, మొన్న ఫోన్ల చూపించిన గదా, అమెరికావోళ్ళ ఆట, కోడిగుడ్డు లెక్క బంతి ఉంటది... అండ్ల పెద్ద కప్పు గెలవాలంటే మీదికి ఎగబడేటోళ్ళు గట్టిగుండాలెనా, ఆపేటోళ్ళు గట్టిగుండాలెనా? మా కాలేజీల రెండు జట్లయి కొట్లాడుకుంటున్నరు. నువ్వేమంటవ్?

ఏంది, నన్నడుగుతున్నవా? ఆ గుడ్డు బంతి సంగతి నాకేం ఎరుక బిడ్డా. నెత్తికి టోపీలు పెట్టుకొని, భుజాలకు దిండ్లు కట్టుకొని ఒకని మీద ఒకడు పడతరు, చూస్తే నాకు పానం గాబరైతది. గానీ మీ కొట్లాట ఉన్నది చూడు, అది నాకెరుకే. మా ఇంట్ల ఏండ్లకేండ్లు నడిచింది. మా తమ్ముడు సమ్మయ్య చెడుగుడుల కూతకు పోయేటోడు. మీ తాత పోచయ్య పట్టు పట్టేటోడు. అన్నం ముందట కూసుంటే చాలు, కూత గొప్పదా పట్టు గొప్పదా. ఆ చింతపండు బుట్ట ఇటు తోయి, గింజలు తీసుకుంట చెప్త.

మాది భోపాల్‌పట్నం దిక్కు గదా. చింతపండు, ఇప్పపువ్వు ఏరుకొచ్చి బజార్ల ఉప్పుకు మార్చుకునేటోళ్ళం. ఇప్పుడు ఉప్పంటే ప్యాకెట్టు, నువ్వు కూరల ఇంత గుమ్మరిస్తవు. అప్పుడు మా అమ్మ ఉప్పు కుండ మీద చెయ్యి పెట్టనిచ్చేది కాదు. అట్లాంటి రోజులల్ల బైలడిల్ల దిక్కు ఇనుప కొండ తవ్వుతున్నరు, పనికి మనుషులు కావాలె అని గుత్తకు పని పట్టిన ఠేకేదారు మనిషొచ్చి చెప్పిండు. నాకు పెండ్లయి ఏడాది గాలె. మీ తాత, నేను, మా సమ్మయ్య, ముగ్గురం మూటలు కట్టుకొని పోయినం. కొండంత ఇనుమేనట, తవ్వి రైలుకెత్తి విశాఖపట్నం సముద్రానికి పంపుతరట. నేను నమ్మలే. రాయిని గూడ రైలెక్కిస్తరా అన్న.

కూలోళ్ళకు రేకుల లైన్లు ఏసిన్రు, వరుసగ ఒకదానికొకటి ఆనుకున్న ఇండ్లు. మన తెలుగోళ్ళది ఒక లైను. దాని పక్కనే రాయ్‌పూర్ దిక్కు నుంచి వచ్చినోళ్ళది ఇంకో లైను. వాళ్ళ మాట మనకు సగం తెలుస్తది, మన మాట వాళ్ళకు సగం తెలుస్తది, తిట్లు మాత్రం రెండు దిక్కులా మొత్తం తెలుస్తయి.

అన్నీ ఉండె గానీ నీళ్ళు లేవు. కిందికి వాగుకు పోవాలె. కొండ ఎర్రది గదా, వాన పడితే వాగు గూడ ఎర్రగ పారేది. అన్నం వండితే ఎర్రగ, తెల్ల పంచె ఉతికితే ఎర్రగ. ఊటచెలిమె తవ్వుకొని, నీళ్ళు తేరినంక ముంచుకొని, ఆ జారుడు దారెంట బిందె నెత్తిన పెట్టుకొని ఎక్కాలె. మొగోళ్ళు చీకటితోనే పనికి పోయేటోళ్ళు, అంతా మా ఆడోళ్ళ నెత్తిమీదనే. మీ నాయిన కడుపుల ఉన్నడప్పుడు. ఒకనాడు జారి పడ్డ. బిందె దొర్లుకుంట పోయింది, నేను చెట్టు వేరు పట్టుకొని ఆగిన. మంత్రసాని వచ్చి చూసి, ఇంకోసారి ఆ దారి ఎక్కితే పిల్లగాడు దక్కడు అన్నది. ఎక్కకపోతే నీళ్ళెవరు తెస్తరు? రాత్రంతా ఏడ్చిన.

అగో, ఆ మధ్యలనే పైపులు వచ్చినయి. వచ్చినయి గానీ ఒక్క లైనుకే సరిపోతయి, రెండోదానికి మళ్ళ ఏడాదే అన్నరు. ఇగ చూడు, మాకంటే మాకని రోజూ లొల్లి. కట్టెలు గూడ లేచినయి. అక్కడ పనులన్నీ చూసుకునే సాబ్ ఒకాయన ఉండె, పేరు యాద్ లేదు, బక్కగ, చేతుల గొడుగు. ఆయన విసిగిపోయి, విశ్వకర్మ పూజ నాడు ఎట్లాగూ ఆటలు పెడతరు గదా, చెడుగుడుల ఏ లైను గెలిస్తే నల్లా ఆ లైనుకు అన్నడు. మొగోళ్ళందరు సై అన్నరు. మోసేది మేము, ఆడేది వాళ్ళు!

మీ తాతా, సమ్మయ్యా పని గూడ జోడీగనే చేసేటోళ్ళు. బండను పేల్చే మందు పెట్టనీకి బొక్క కొట్టాలె గదా. మీ తాత ఇనుప రాడు నిలబెట్టి రెండు చేతుల పట్టుకునేటోడు. సమ్మయ్య సమ్మెట ఎత్తి దాని నెత్తిన కొట్టేటోడు. దెబ్బ పడ్డంక మీ తాత రాడు ఇంత తిప్పి "హుఁ" అంటడు. అప్పుడే మళ్ళ సమ్మెట దిగాలె. ముందు దిగితే చేతులు పోతయి. సమ్మయ్య రాడు దిక్కే చూసేటోడు, మీ తాత సమ్మెట దిక్కు తలెత్తి గూడ చూసేటోడు కాదు. గట్ల రెండేండ్లు కొట్టిన్రు.

ఆటల మాత్రం సమ్మయ్యనే హీరో. నల్లగ, నున్నగ, పాము లెక్క జారిపోయేటోడు. కూతకు పోయిండంటే ఇద్దర్ని తాకి నవ్వుకుంట వచ్చేటోడు. నాకు ఎంత గర్వముండేది! సమ్మయ్య అక్కను అని చెప్పుకునేదాన్ని. మీ తాత ఏమో మూలకు వంగి నిలబడేటోడు, దుమ్ముల మునిగి మనిషే కనబడకపోయేది. పక్కింటామె నన్ను "మీ ఆయన ఆడుతుండా, పోయిన వస్తువు దేవులాడుతుండా?" అని అడిగేది. సిగ్గయ్యేది నాకు. సమ్మయ్య గూడ ఏడిపించేటోడు, "బావా, నేను తెస్తెనే గదా మనకు పాయింట్లు" అని. మీ తాత నిమ్మళంగ, "నువ్వు తెచ్చింది ఇంట్ల ఉండాలంటే తలుపేసేటోడు ఉండాలె గదరా" అనేటోడు. అంతే, మళ్ళ ముద్ద కలుపుకునేటోడు.

పూజ నాడు మిషన్లకు పూలదండలు ఏసిన్రు, ప్రసాదం పంచిన్రు, అటెంక మైదాన్ల గీతలు గీసిన్రు. నేను ఆ కడుపేసుకొని ముందటికే పోయి కూసున్న. సమ్మయ్య మంచిగనే ఆడిండు. గానీ వాళ్ళకొకడు ఉండె, దుకాలు అని, పహిల్వాన్. మనోళ్ళు ముగ్గురు పట్టినా ఈడ్చుకుంట పోయేటోడు. ఇటు సమ్మయ్య తెచ్చుడు, అటు దుకాలు తీసుకపోవుడు. ఆఖరికి ఇద్దరిదీ సమానమే. ఇగ ఒక్క కూత మిగిలింది, అది దుకాలుది. మన దిక్కు నిలబడ్డది ఇద్దరే, ఈ మూలకు మీ తాత, ఆ మూలకు సమ్మయ్య.

సమ్మయ్య పట్టుకు ఎన్నడూ వచ్చేటోడు కాదు బిడ్డా. అవతలోడు కూతకొస్తే పెండ్లికొడుకు లెక్క దూరంగ నిలబడేటోడు, బట్టలు మాస్తయన్నట్టు. దుకాలుకు గూడ అది ఎరుకే. అందుకే వాని దిక్కు చూడలే, సీదా మీ తాత మీదికి వచ్చి తాకి, తిరిగిండు. తిరగంగనే మీ తాత వాని మడిమె దొరకబుచ్చుకున్నడు. దుకాలు గుంజిండు. మీ తాత బొక్కబోర్ల పడి గీత దిక్కు పోతున్నడు, చెయ్యి మాత్రం వదలలే. నేను కండ్లు మూసుకున్న. నా బిందె, ఆ దారి, అన్నీ కండ్లల్ల తిరిగినయి.

అప్పుడు ఇనబడ్డది. "హుఁ" అని. కండ్లు తెరిచిన.

మీ తాత కావాలని అనలే, పట్టు గట్టిగ దొరికిందని నోటికొచ్చింది, రోజూ వచ్చినట్టే. అంతే, సమ్మయ్య ఆలోచన గూడ చెయ్యలే, వచ్చి దుకాలు నడుము మీద పడ్డడు, ధడేలుమని. దుకాలు చెయ్యి గీతకు ఇంతెడం... ఇంత, నా బొటనవేలంత దూరంల ఆగింది. కూత తెగింది.

మైదానం మైదానం లేచింది. అందరు సమ్మయ్యను భుజాలకెత్తుకున్నరు. వాడు దించండిరా దించండిరా అని తన్నుకుంట, "నేను సమ్మెట ఏసిన అంతే, రాడు పట్టింది బావ" అని అరుస్తున్నడు. కొండ మీద పని జేసినోళ్ళకే సమజైంది, మిగిలినోళ్ళు నవ్విన్రు. మీ తాత మోచేతులు దోక్కపోయి, మూతి నిండ మట్టి, నా పక్కకు వచ్చి కూసోని "నీళ్ళున్నయా?" అన్నడు.

నల్లా వచ్చింది. మా లైను ముంగటనే. మొదటి రోజు నీళ్ళు పడుతుంటే ఆడోళ్ళం పసుపు కుంకుమ పెట్టినం. అప్పుడొచ్చింది ఒకామె, చేతుల బిందె. ఫూల్‌బాయి, ఆ దుకాలు పెండ్లామే. ఆమె గూడ నా లెక్కనే, నిండు కడుపు. దూరంగ నిలబడ్డది, దగ్గరికి రాలే, పోలే. మా లైను మేస్త్రీ, గెలిచింది మనం, నల్లా మనది, ఒక్క చుక్క ఇచ్చేది లేదు అన్నడు. అందరు ఎవరి బిందె వాళ్ళు నింపుకుంటున్నరు. నిజం చెప్తున్న, నేను గూడ నా బిందెనే ముందటికి జరుపుకున్న. ఏండ్లు మోసిన కడుపుమంట గదా.

మీ తాత లేచిండు. అప్పుడే డ్యూటీ దిగొచ్చిండు, ఒళ్ళంత ఎర్ర దుమ్ము. పోయి ఆమె చేతిల బిందె తీసుకున్నడు, తెచ్చి నల్లా కింద పెట్టిండు. "ఆట అయిపోయింది మేస్త్రీ" అన్నడు. బిందె నిండేదాక దాని పక్కనే వంగి నిలబడ్డడు, మైదాన్ల నిలబడ్డట్టే. ఆయన చేతుల నుంచి ఎవడు గుంజుతడు? నిండినంక ఆయనే మోసి వాళ్ళ గుమ్మం ముంగట పెట్టొచ్చిండు.

పెండ్లయి అన్ని రోజులు ఒక్క పొయ్యి కాడ తిన్నం గానీ, నాకు మొగడు నచ్చింది ఆ రోజే బిడ్డా. ఎవరన్నా అడిగితే పోచయ్య పెండ్లాన్ని అని చెప్పుడు ఆనాటి నుంచే మొదలువెట్టిన. నవ్వకు, నిజం. ఆ రోజు ఆయన కాళ్ళకు నీళ్ళు పోసుకుంట కండ్లనీళ్ళు పెట్టుకున్న, ఎందుకేడుస్తున్నవని అడిగితే పొయ్యి పొగ అన్న.

మరి కూతనా పట్టా అంటే... నేను పట్టే అంట. మా తమ్ముడు బతికుంటే కూతే అంటడు, వాడు పోయినంక గూడ నేను మాట మార్చ. మీ కాలేజీల గట్లనే చెప్పు పో, మా అవ్వ చెప్పిందని. ఫూల్‌బాయికి బిడ్డ పుట్టింది, నాకు మీ నాయిన పుట్టిండు, వారం అటు ఇటు... ఇద్దరికీ ఆ నల్లా నీళ్ళే... ఆమె ఇప్పుడు ఉన్నదో లేదో ఏమో...

సల్లగుండు బిడ్డా. రేపు పెండ్లయి నువ్వు పోయే ఇంట్ల, ఎవరి బిందె ఖాళీగ ఉన్నా చూసేటోడు దొరకాలె నీకు.