చెప్పులు జరిపినోళ్లు

సూర్యాపేట, కోదాడ నడుమ హైవే పక్కన కొత్తగా తెరిచిన ఆటల పార్కు. ఆదివారం, మూడు ముప్పై అయిదు. కొలంబస్ పడవ పక్కనున్న రేకుల గదిలో శ్రీజ, ఊరి నుంచి వచ్చిన ఆమె తండ్రి వీరయ్య.

"నాయినా, జర పక్కకు జరుగు. కిటికీకి అడ్డం కూసున్నవ్, నాకు లైన్ అగుపడతలేదు."

"లైన్ ఏడికి పోతది బిడ్డా. నేనొచ్చినప్పటి సంది ఆడ్నే ఉంది. ఈ బజ్జీ తిను, సల్లారుతది."

"బజ్జీ తినే టైమా ఇది? నాలుగింటికి నర్సింగరావు సార్ వస్తడు. ఇంక ఇరవై అయిదు నిమిషాలున్నది."

"మిర్యాలగూడ మిల్లు సేటేనా?"

"ఆయనే. మిల్లు ఆయనదే, ఈ పార్కు ఆయనదే, నా నౌకరి ఆయన చేతులనే. నిన్న ఫోన్ల చెప్పిన గద."

"చెప్పినవ్. ఏడ్సుకుంట చెప్పినవ్, సగం సమజైంది, సగం కాలె. మల్ల చెప్పు."

"మొన్న సోమవారం ఎవరో సార్‌కు ఫోన్ చేసి ఇరవై నిమిషాలు దులిపిన్రట. కొలంబస్ కాడ రెండు గంటలు నిలబడి, ఎక్కకుంటనే ఇంటికి పోయిన్రట. 'నీ పార్కుల పెద్ద ఫోనున్నోడు పడవెక్కుతడు, లేనోడు పడవను సూస్తడు' అన్నరట."

"మాట మంచిగనే ఉంది."

"నాయినా."

"మాట వరకే అంటున్న బిడ్డా. మాట వరకు మంచిగుంది."

"ఇంకోటి గూడ అన్నరట, ఇను. 'ఈ చీటీలు పెట్టినోళ్లు పుట్టి ఎన్నడు లైన్ల నిలబడలె' అని. నేను నిలబడలెనా? రేషన్ బియ్యానికి నిలబడ్డ. స్కాలర్‌షిప్‌కు నిలబడ్డ. హాస్టల్ల నీళ్లకు నిలబడ్డ. మన ఇంట్ల మొదటి డిగ్రీ నాది, ఆ సర్టిఫికెట్ గూడ లైన్ల నిలబడే తెచ్చుకున్న."

"నిలబడ్డవ్, నిలబడ్డవ్. నాకెరుక లేదా."

"ఆ పెద్దమనిషితోని సార్ పందెం గట్టిండు, ఎవరో నాకు చెప్తలేడు. వాళ్లు ఇయ్యాల మల్ల వస్తరట. స్లిప్ లేకుంట మూడున్నరకు లైన్ల నిలబడతరట. నాలుగింటి ట్రిప్పు లోపల ఎక్కితె స్లిప్పులుంటయ్, నేనుంట. ఎక్కకపోతె స్లిప్పులు బంద్, నా నౌకరి బంద్."

"మూడున్నర దాటిపాయె గద. అంటె ఆ మనిషి లైన్లనే ఉన్నట్టు."

"ఉన్నట్టే. అందుకే జరుగుమంటున్న. ఎవరో కనిపెట్టి ఒక స్లిప్ చేతుల పెడితె ఖతం, అయిదు నిమిషాల్ల ఎక్కుతడు."

"తీస్కోరు."

"ఏంది?"

"తీస్కోరేమో అంటున్న. అంత మాట అన్నోళ్లు మల్ల నీ చీటీ తీస్కుంటరా? బజ్జీ తిను."

"నీకెట్ల ఎరుక?"

"నాకేం ఎరుక. నాకేం ఎరుకలేదు. అసలు ఈ చీటీలు ఎందుకు పెట్టినవో అది చెప్పు."

"జనం ఎండల నిలబడొద్దని పెట్టిన. పార్కు గేటు కాడ ఫోన్‌తోని స్కాన్ చేస్తె నీకు టైమేసిన స్లిప్ వస్తది. అప్పటిదాంక నీడకు కూసో, ఐస్‌క్రీం తిను. టైమ్‌కు వచ్చి ఎక్కుడే. లైన్ ఉండది."

"ఉన్నది గద."

"అదే సమజైతలేదు నాయినా. ఎనిమిది వారాలు లెక్కలు గట్టి పెట్టిన. అప్పుడు అందరు అరగంట నిలబడేటోళ్లు. ఇప్పుడు స్లిప్ ఉన్నోడు అయిదు నిమిషాలు, లేనోడు రెండు గంటలు."

"పడవ ఏమన్న పెద్దగ జేసిన్రా?"

"ఎందుకు జేస్తరు?"

"ఒక్కసారికి ఎంతమంది ఊగుతరు?"

"నలభై. ఆరు నిమిషాలకు ఒక ట్రిప్పు."

"చీటీలు పెట్టకముందు?"

"నలభయ్యే."

"మరి చీటీ ఇస్తె పడవకు కొత్త సీట్లు మొలుస్తయా బిడ్డా?"

"అది కాదు నాయినా. స్లిప్ ఉన్నోడు లైన్ల లేడు గద."

"వాడు లేడు. వాని జాగ ఉన్నది. తిరుమలగిరిల యూరియా లైన్ యాదికుందా నీకు?"

"ఎందుకు లేదు. నువ్వు పొద్దుగాలనే పోయి నిలబడేటోనివి."

"నేనేడ నిలబడ్డ. నా చెప్పులు నిలబడ్డయ్. నేను హోటల్ల చాయ్ తాగిన. నలభై జతల చెప్పులు ఎండల, నలభై మంది మనుషులు నీడకు. నీ చీటీ గూడ గంతే. ఫోన్ల పెట్టిన చెప్పులు."

"ఎనిమిది వారాలు కష్టపడి చెప్పులు తయారు జేసిన అంటవ్."

"సదువుకున్న చెప్పులు. తక్కువేం కాదు."

"నవ్వకు నాయినా."

"నవ్వుతలేను. మన ఉపేందర్ యాదికున్నడా? వాడు మాలెక్క చాయ్ కాడ గూడ ఆగకపోయేటోడు. చెప్పులు యూరియా లైన్ల పెట్టి, వాడు పోయి బ్యాంకు లైన్ల నిలబడేటోడు. ఒక్క మనిషి, రెండు లైన్లు."

"ఆగు. ఆగు నాయినా."

"ఏమాయె?"

"ఒక్క మనిషి రెండు లైన్లు. మా స్లిప్పోళ్లు గూడ నీడకు కూసుంటలేరు. ఈడ స్లిప్ తీస్కొని పోయి జెయింట్ వీల్ లైన్ల నిలబడుతున్నరు. అందుకే ఆ లైన్ గూడ పెరిగింది. నేను ధన్‌సింగ్‌ను తిట్టిన, వీల్ మెల్లగ తిప్పుతున్నవని."

"పాపం ధన్‌సింగ్."

"పాపమే. రేపు పోయి సారీ చెప్పాలె. రేపటికి నౌకరుంటె."

"నౌకరి ఉంటది గని, పడవ గేటు కాడ ఆ పిలగాడు ఏం జేస్తుండో అది చెప్పు. ఎవల్ని ముందు ఎక్కిస్తుండు?"

"రాకేషా? ముందు స్లిప్పోళ్లు. మిగిలిన సీట్లకు లేనోళ్లు."

"మిగిలేటియి ఎన్ని?"

"నాలుగు."

"లైన్ల ఎంతమందున్నరు?"

"ఎనభై దాంక ఉంటరు."

"ఎనభై మందికి నాలుగు సీట్లు. మీ లెక్కల సారుకు ఒక దండం."

"లెక్కల సార్‌ను ఏమనకు. స్లిప్ ఉన్నోనికి టైమ్ ఇచ్చినం, మాట తప్పుతమా అని నేనే అట్ల పెట్టిన."

"వానికి మాటిచ్చినవ్. నిలబడ్డోనికి ఏమిచ్చినవ్?"

"ఏమియ్యలె."

"మిర్యాలగూడకు సన్నొడ్లు తోలినప్పుడు టోకెన్లు ఇచ్చిన్రు సూడు. టోకెన్ ఉన్న ట్రాక్టర్లు సర్రున పోతున్నయ్, లేని ట్రాక్టర్లు రోడ్డు పొడుగున ఉన్నయ్. కొట్టుకునేదాంక వచ్చిన్రు. గేటు కాడ కాటయ్యని ఒక హమాలీ మేస్త్రి ఉండె. సదువు లేదు. టోకెన్‌ది ఒకటి తోలు, లేనిది ఒకటి తోలు అన్నడు. పొద్దుగూకేవరకు అన్ని లోపలికి పోయినయ్."

"టోకెన్ ఉన్నోళ్లు తిట్టలేదా?"

"తిట్టిన్రు. తిట్టుకుంట జరిగిన్రు. జరిగే లైన్ల తిట్లు జోరుగ రావు బిడ్డా."

"చెప్పులు గూడ జరగాలె గద నాయినా. మీరందరు చాయ్ తాగుతుంటె, యూరియా కాడ చెప్పుల్ని ఎవరు జరిపిన్రు?"

"జరిపేటోళ్లు జరిపిన్రు."

"అంటె ఎవరు?"

"ఎవరో ఒకలు. నీకు టైమ్ అయితుంది, ఆ పిలగానికి ఫోన్ చెయ్."

"చేస్తున్న. హలో, రాకేష్, ఇను. ఇప్పుడు పోయే ట్రిప్పు కాడికెల్లి స్లిప్పోళ్లు ఇరవై మంది, లేనోళ్లు ఇరవై మంది. అవును, సగం సగం. మొత్తుకుంటె మొత్తుకోని, పదిహేను నిమిషాలు ఆగుతరు. కాదు, సార్ చెప్పలె, నేను చెప్తున్న. ఎవరడిగినా నా పేరు చెప్పు. పార్కు గేటు కాడ వందనకు నేను చెప్త, కొత్త స్లిప్పులు సగమే ఇయ్యమని. సరే. సరే, పెట్టెయ్."

"సేటును అడగకుంటనే చెప్పినవ్."

"అడిగే టైమేడుంది. పని చెప్పిన గద."

"చెప్పినవ్. ఇగ బజ్జీ తిను."

మూడు ట్రిప్పులు పోయినంక, అదే గదిలో. నాలుగింటికి అయిదు నిమిషాలు తక్కువ.

"జరుగుతుంది నాయినా. నిజంగ జరుగుతుంది. ఎనభై ఉన్నది ఇరవైకి వచ్చింది."

"స్లిప్పోళ్లు ఏమంటున్నరు?"

"తిడుతున్నరు. రాకేష్‌ను కాదు, నన్ను. నా పేరు బాగనే చెప్తుండు."

"మంచి పిలగాడు."

"గని ఆ పెద్దమనిషి ఎవరో ఇంక తెల్వకపాయె. ఇప్పటికే ఎక్కి దిగిండా, ఇంక లైన్లనే ఉన్నడా? ఆ తెల్లచొక్కా ఆయననా? ఊకె గడియారం సూస్కుంటుండు."

"ఆయన కాదు."

"ఎట్ల చెప్తున్నవ్?"

"ఆయన జేబుల రెండు ఫోన్లున్నయ్. ఫోన్ లేనోడు పడవను సూస్తడు అన్న మాట ఆయన నోట్లకెల్లి ఎట్లొస్తది?"

"నిజమే. అరే, అడుగుడు మర్సిన. పోయిన ఆదివారం అమ్మవాళ్ల సంఘపోళ్లు బస్సు మాట్లాడుకొని ఈడికొచ్చిన్రట గద. ఆ దినం నేను మిర్యాలగూడల సార్ కాడుంటి. కొలంబస్ ఎక్కిన్రా?"

"గౌరీబాయి ఐస్‌క్రీం తిన్నదట. రెండు."

"కొలంబస్ ఎక్కిన్రా అంటున్న."

"బస్ టైమైందట."

"ఎంతసేపు నిలబడ్డరు?"

"రెండు గంటలు అన్నట్టుంది. నాకు సరిగ్గ యాదికి లేదు. గంటన్నరనో."

"నాయినా, నా దిక్కు సూడు."

"సూస్తున్న గద."

"వచ్చినప్పటిసంది బజ్జీ బజ్జీ అంటున్నవ్. కాటయ్య కథ చెప్తున్నవ్. సార్‌కు ఫోన్ చేసింది నువ్వే గద?"

"నేను నంబరు నొక్కిన."

"నాయినా."

"నొక్కి ఇచ్చిన. అంతే. మాట్లాడింది నేను కాదు. నాకు అంత మాట ఏడికెల్లి వస్తది? నేను చాయ్ తాగేటోన్నని చెప్పిన గద. చెప్పులు ఎవరు జరిపిన్రని అడిగినవ్, చెప్పలె."

"అమ్మ."

"ఎండల నిలబడి, కాలుతోని ఒక్కొక్క జత జరిపేది. నలభై జతలు. ఎవ్వని చెప్పు ఎవ్వని ముందట పెట్టలె. నాదన్న ఒక్కటి ముందుకు నూకవే అన్న ఒకసారి. ఆ దినం ఇంటికొచ్చినంక నాతోని మాట్లాడలె."

"నేను పెట్టిన చీటీలని తెలిసే ఫోన్ చేసిందా?"

"ఏం మాటది బిడ్డా. నువ్వు కంప్యూటర్ పని అన్నవ్, గీ చీటీల పని అని మాకేమెరుక? సంఘంల స్వరూప కండ్లనీళ్లు పెట్టుకున్నదట, ఎక్కకుంట పోతున్నమని. ఆ కోపాన బోర్డు మీది నంబరు రాయించుకొని వచ్చింది. నిన్న నువ్వు ఫోన్ల ఏడ్వంగనే మా ఇద్దరికి ఎరుకైంది. మీ అమ్మ రాత్రి బువ్వ తినలె."

"మరి రావొద్దని చెప్పకపోయినవా?"

"చెప్పిన. సేటుకు మాటిచ్చిన అన్నది. నేను పోకపోతె నా బిడ్డ పెట్టింది మంచిదో చెడ్డదో ఆయనకెట్ల తెలుస్తది అన్నది. నువ్వు సూస్తె ముందుకు గుంజుకపోతవని, నన్ను ఈడ కూసోపెట్టింది."

"కిటికీకి అడ్డం."

"కిటికీకి అడ్డం. బజ్జీలు గూడ ఆమెనే కొనిచ్చింది."

"ఏడుంది ఇప్పుడు? నాయినా, జరుగు, ఏడుంది?"

"అగో, పచ్చ చీర. కొంగు నెత్తిన కప్పుకున్నది. తెల్లచొక్కాయన ఎనక."

"సార్ కారొచ్చింది నాయినా. పార్కు గేటు కాడున్నది. ఇగ ఈ బజ్జీలు పట్టు, నేను పోతున్న."

"పోకు బిడ్డా. శ్రీజ, ఇను. ఆమె రాదు, నా మాట ఇను."

కొలంబస్ లైన్ పక్కన.

"అమ్మా. అమ్మా, ఇటు, నేను. తాడు లేపిన, కిందికెల్లి దూరిరా. స్టాఫ్ గేటుంది, సార్ ఇంక కారు దిగలె."

"తాడు కింద పెట్టు బిడ్డా, అందరు సూస్తున్నరు. నా ముందర పదకొండు మందే ఉన్నరు."