రెండు ముక్కుల పెన్నీ

ఒసే ఒసే, ఆ పెన్నీ మీద కత్తెర పెట్టకే ఎడీవా! చేపలకి సగం బిళ్ళ కావాలంటే ఆ రాజుగారిది కొయ్యి, వెనక శిలువ గీత వెంబడే పోతుంది. ఇది మాత్రం ఇలా ఇచ్చెయ్. ఏంటీ, ముద్ర చెడిందా? చెడకేం, నిక్షేపంగా చెడింది! మా మేనమామ సివర్డ్ చేతి చలవ. నువ్వు పుట్టకముందే పోయాడులే. ఈ లింకన్‌లో రాజుగారికి వెండి బిళ్ళలు కొట్టే పని ఆయనది. పొట్టిమనిషి, కోపం మాత్రం బారెడు. మా అత్త కాచే గంజి ఉండేదీ... సరే, దాని సంగతి ఇప్పుడెందుకు.

రాజుగారు ఎక్కడో యుద్ధంలో ఉంటే ఫుల్క్ దొర మన కోటలో దూరాడు. దూరినవాడు తిని కూర్చోవచ్చుగా? "ఇకనుంచి వెండి మీద నా మొహం పడాలి" అన్నాడు. అచ్చు కూడా చెక్కించి తెచ్చుకున్నాడు. కొట్టనంటే మామ కుడిచెయ్యి దొర నరికిస్తాడు. కొడితే రేపు రాజుగారొచ్చి అదే చెయ్యి నరికిస్తారు. బిళ్ళ వెనకాల కొట్టినవాడి పేరుంటుందిగా, తప్పించుకునేదెక్కడ? మా అత్త ఒకటే ఏడుపు, "పారిపోదామయ్యా" అని.

మామ ఏం చేశాడనుకున్నావ్? సంతరోజు బిళ్ళలు కొట్టే మొద్దుని బజార్లోకి దొర్లించుకొచ్చాడు. దొర మొహమున్న కింది అచ్చు అందులో దిగ్గొట్టాడు. "దొరా, కొత్త మొహం పడేప్పుడు తొలి బిళ్ళకి, సుత్తి దెబ్బ పడే పై అచ్చు ఆ మొహం గలవారే పట్టుకోవాలి. మీ చెయ్యి వణక్కపోతే బతికినన్నాళ్ళూ మీకే కొడతా" అన్నాడు. అలాంటి ఆచారం లేనే లేదే పిచ్చిదానా! కానీ చేపలమ్మే గున్నిల్డ్ "అవునవును, మా తాతలనాటి నుంచీ అంతే" అని అందుకుంది. జనం ముందు కాదంటే పరువేంగాను? దొర ఉంగరాల చేత్తో అచ్చు పట్టుకున్నాడు. మామ సుత్తి ఎత్తాడు. ఠంగ్! దొర కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రెండో దెబ్బ దిగేలోపే చెయ్యి గుంజేశాడు మహానుభావుడు! బిళ్ళ జరిగింది, దెబ్బ పడనే పడింది. తీసి చూస్తే ఏముందీ, దొరకి రెండు ముక్కులు!

"ఏ ముక్కుని చూసి చేపలివ్వను దొరా?" అని అరిచింది గున్నిల్డ్. దొరగారి బంట్లే పొట్ట పట్టుకుని నవ్వారు. ఇక మామ మీద చెయ్యి వేస్తే, ఓడిపోయి ఉక్రోషంతో వేశాడంటారుగా! బిళ్ళ విసిరికొట్టి కోటలోకి పోయాడు. మా అమ్మ దాన్ని కాలికింద తొక్కిపట్టింది. రెండు ముక్కులవాడి కింద ఎవడుంటాడే? బంట్లు ఒక్కొక్కరే జారుకున్నారు, వాళ్ళ వెనకాలే దొరా పోయాడు. కత్తి దుయ్యకుండా ఊరు గెలిచాం! రాజుగారొచ్చాక మళ్ళీ ఆయన మొహమే, మళ్ళీ మా మామ పేరే.

చనిపోయేముందు మామ ఆ కుడిచెయ్యి నా నెత్తిన పెట్టాడు. ఎంత బరువో ఆ చెయ్యి...

ఇంకా నిలబడ్డావేం? పో పో, మలుగు చేపలు అయిపోతాయి.